మెడ కోసం తలలో తీగలు

డాక్టరు ఎదురుగా కూర్చున్నంతసేపూ నా టిక్స్, అంటే నా ప్రమేయం లేకుండా వచ్చే విసుర్లూ శబ్దాలూ, సగానికి పైగా అణిగిపోతాయి. గది బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోపు మెడ కుడివైపుకి వరసగా విసురుకుంటుంది. ఈ జబ్బున్నవాళ్ళకి ఇది మామూలే. చూసేవాళ్ళకే అనుమానం. "కావాలని చేస్తుండాడు. లేకపోతే డాక్టర్ దగ్గర ఎట్టా ఆగిందంట?" అని మా మేనమామ మా అమ్మతో అంటుంటే పక్కగదిలోంచి విన్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.

నాది టూరెట్ సిండ్రోమ్. 1885లో జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి డాక్టరు తొమ్మిదిమంది రోగుల గురించి రాస్తే, జబ్బుకి ఆయన పేరే నిలబడిపోయింది. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య కళ్ళు టపటపా ఆర్పడంతో మొదలవుతుంది, పది పన్నెండేళ్ళకి ముదురుతుంది, చాలామందికి ఇరవై వచ్చేసరికి బాగా తగ్గుతుంది. మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బూతులు దొర్లడం అందరికీ ఉండదు, పదిమందిలో ఒకరికో ఇద్దరికో ఉంటుంది. నాకు లేదు. నాకున్నవి గొంతులోంచి "హుక్" అని ఒక శబ్దం, కళ్ళు బిగించి మూయడం, భుజం ఎగరేయడం, అన్నిటికంటే ముఖ్యంగా మెడ. తగ్గాల్సిన వయసులో నాది పెరిగింది.

ఆపుకోలేవా అని అడుగుతారు. ఆపుకోగలను, కాసేపు. గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే గుటక వేయకుండా ఎంతసేపు కూర్చుంటాం? ధ్యాసంతా ఆ ముల్లు మీదే ఉంటుంది, చివరికి గుటక వేస్తాం. అలాంటి సలపరం నాకు మెడ వెనకాల పుడుతుంది. విసిరితే ఒక్క క్షణం పోతుంది, మళ్ళీ పుడుతుంది. బడిలో పీరియడంతా బిగబట్టుకుని, ఇంటికొచ్చి తలుపేసుకుని, అదంతా విసిరి విసిరి తీర్చుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి.

మా అవ్వ నన్ను జొన్నవాడ కామాక్షమ్మ గుళ్ళో నిద్ర చేయించింది. కసుమూరు దర్గాకీ తీసుకుపోయింది. ఆమె మీద నాకే కోపమూ లేదు. పెన్న ఒడ్డున ఆ రాత్రి నన్నెవరూ వింతగా చూడలేదు. పక్కన పడుకున్నవాళ్ళలో నాకంటే ఎక్కువ తిప్పలు పడుతున్నవాళ్ళే ఎక్కువ. ఒక డాక్టరు మాత్రం "చెడ్డ అలవాటమ్మా, రెండు తగిలిస్తే పోతుంది" అన్నాడు. అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత నెల్లూరు పొగతోటలో ఒక న్యూరాలజిస్టు ఐదు నిమిషాలు ఫోన్లో వీడియో చూసి జబ్బు పేరు చెప్పారు.

ఇక మందులు. హాలోపెరిడాల్‌తో టిక్స్ తగ్గాయి, నేనూ తగ్గిపోయాను. పొద్దున లేచి పళ్ళు తోముకోవడానికి కూడా బద్ధకం, ఒళ్ళంతా కొయ్యబారిన ఫీలింగు. రిస్పెరిడోన్‌తో ఆకలి పెరిగి ప్యాంట్లన్నీ పనికిరాకుండా పోయాయి. క్లోనిడిన్‌తో మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగేవి. అరిపిప్రజోల్ కొన్నాళ్ళు బానే పనిచేసింది. టెట్రాబెనజిన్ వేసుకున్న నెలల్లో కారణం లేకుండా దిగులు పట్టుకుని, అమ్మే మాత్రలు ఆపించింది. బెంగళూరులో ఒక సైకాలజిస్టు దగ్గర అలవాటు మార్చుకునే శిక్షణ తీసుకున్నాను. సలపరం మొదలవగానే గడ్డం ఛాతీకి ఆనించి మెడ కండరాలు బిగించడం, ముక్కుతో నిదానంగా గాలి తీసుకోవడం. గొంతు శబ్దానికి అది నిజంగా పనికొచ్చింది. మెడకి రాలేదు. మెడ కండరాలకి బోటాక్స్ సూదులు కూడా వేయించుకున్నాను. మూడు నెలలు ఉండేది, అయిపోయేది.

నేను ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల వాళ్ళకి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. తెల్లారేసరికి రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. పీహెచ్, ఉప్పదనం, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసి చీటీ రాసివ్వాలి. బ్యూరెట్‌లోంచి ఒక్కో చుక్క వదులుతూ రంగు ఎక్కడ మారుతుందో కనిపెట్టే పని. విచిత్రమేంటంటే అలా ధ్యాస పెట్టినప్పుడు టిక్స్ అణుగుతాయి. చుక్క లెక్క తప్పిన రోజు లేదు. మైక్రోస్కోపు దగ్గరే వచ్చింది చిక్కు. రొయ్య పేగు స్లైడు పెట్టి వంగి చూస్తుంటే మెడ విసురుకుని ఐపీసు కనుబొమకి కొట్టుకునేది. ఎడమ కనుబొమ చివర ఇప్పటికీ ఒక గాటు ఉంది.

ఇదంతా భరించాను. భరించలేనిది తర్వాత మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వేళ్ళకి స్పర్శ తెలియలేదు. బ్యూరెట్ మర తిప్పుతుంటే తిరిగిందో లేదో చూస్తేగానీ తెలిసేది కాదు. ఎంఆర్ఐ తీస్తే ఇరవై ఏళ్ళుగా విసిరిన మెడలో డిస్కులు అరిగి, వెన్నుపాము మీద ఒత్తిడి మొదలైందని తేలింది. విసురుళ్ళు ఇలాగే సాగితే కాళ్ళూ చేతులూ పడిపోయే ప్రమాదముందనీ, మెడకి ఆపరేషన్ చేసినా ఈ విసుర్లకి వేసిన ప్లేటు నిలవదనీ అన్నారు. ముందు విసుర్లు తగ్గాలి. అప్పుడు వచ్చింది డీబీఎస్ మాట, అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడు లోపల సన్నటి తీగలు పెట్టి బ్యాటరీతో కొద్దిగా కరెంటు పంపడం.

చెన్నైలో మా అక్క ఉంటుంది కాబట్టి అక్కడికే పోయాం. నెల్లూరోళ్ళకి పెద్ద రోగమొస్తే చెన్నై పోవడం మా తాతల కాలం నుంచీ ఉన్నదే. పినాకిని రైలెక్కితే అంతా మనోళ్ళే, సగం మంది చేతుల్లో స్కానింగు కవర్లు ఉంటాయి.

అక్కడి న్యూరాలజిస్టు ముందే ఒక మాట చెప్పింది. "ఇది జబ్బు పోగొట్టదు, తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందో ముందే చెప్పలేను." పార్కిన్‌సన్‌కి ఈ ఆపరేషన్ మామూలైపోయింది గానీ టూరెట్‌కి అలా కాదట. మొదటిసారి 1999లో నెదర్లాండ్స్ డాక్టర్లు మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగంలో తీగలు పెట్టి చూశారట. అమెరికాలో కూడా టూరెట్‌కని ప్రత్యేకంగా అధికారిక ఆమోదం లేదు. చేసినవాళ్ళ వివరాలు ఒకచోట చేర్చే అంతర్జాతీయ రిజిస్ట్రీ ఉంది. 2018లో వాళ్ళు 10 దేశాల్లోని 185 మంది లెక్కలు బయటపెట్టారు. ఏడాది తర్వాత టిక్స్ తీవ్రత సగటున 45 శాతం తగ్గింది. మెదడులో రక్తస్రావం 1.3 శాతం మందికి, ఇన్ఫెక్షన్ 3.2 శాతం మందికి. మాట ముద్దగా రావడం, ఒంట్లో చిమచిమలు అంతకంటే ఎక్కువమందికి వచ్చాయి, కానీ అవి కరెంటు తగ్గిస్తే పోయే రకం. ఇవన్నీ ఆమె తెల్లకాగితం మీద రాసిచ్చింది. నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని రైల్లో మళ్ళీ మళ్ళీ తీసి చూశాడు. ఆయన చూపు 45 మీద లేదు, 1.3 మీద ఉంది.

ఆపరేషన్‌కి ఒప్పుకోవడం మన చేతుల్లో ఉందనుకుంటాం గానీ, వాళ్ళు మనల్ని ఒప్పుకోవడానికే నెలలు పట్టింది. వాడిన మందులన్నిటి చీటీలు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, ఎందుకు ఆపారు అన్నీ కావాలన్నారు. శిక్షణ తీసుకున్నట్టు సైకాలజిస్టు ఉత్తరం. సైకియాట్రిస్టు రెండు పూటలు కూర్చోబెట్టి దిగులుందా, చచ్చిపోవాలనిపించిందా, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే బలవంతం ఉందా అని అడిగాడు. నాకు తలుపు గడియ రెండుసార్లు ముట్టుకునే అలవాటు ఉంది, చెప్పాను. టూరెట్ ఉన్నవాళ్ళలో అది మామూలేనట. యేల్ స్కేలు అనే కొలత ఉంది, మొత్తం 100కి. అందులో సగం టిక్స్‌కి, సగం వాటివల్ల బతుకు ఎంత పాడైందన్నదానికి. నాకు 80 పైన వేశారు.

నాకు నచ్చిన పరీక్ష వీడియో. డాక్టరు ముందు టిక్స్ అణుగుతాయని వాళ్ళకి తెలుసు. అందుకని కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా పెట్టి, గదిలోంచి అందరూ వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో ఒక్కడినే. కాసేపటికి మెడ తన పని మొదలెట్టింది. తర్వాత ఎవరో ఆ వీడియో చూసి నిమిషానికి ఎన్ని అని లెక్కేశారు. నా పద్నాలుగేళ్ళప్పుడు మా మామ అన్న మాటకి జవాబు ఆ వీడియోలో ఉంది. ఒక కాపీ అడిగి తెచ్చుకున్నాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్నీ కలిపి పన్నెండు లక్షలు దాటింది, అందులో పరికరం ఖరీదే ఎక్కువ. బీమా కంపెనీ ఇది ప్రయోగాత్మక చికిత్స అని చేతులెత్తేసింది. నాన్న అల్లూరు దగ్గర తన వాటా పొలం కొంత అమ్మాడు, అక్క గాజులు బ్యాంకులో పెట్టింది. బ్యాటరీ రెండు రకాలు. మామూలుది మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది, అయిపోతే ఛాతీ దగ్గర కోసి కొత్తది పెట్టాలి. టూరెట్‌కి కరెంటు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఇంకా ముందే అయిపోవచ్చు. చార్జింగ్ పెట్టుకునే రకం పదిహేనేళ్ళు వస్తుందన్నారు. ఖరీదెక్కువైనా దానికే పోయాం.

ఆపరేషన్ రోజు తెల్లవారుజామున గుండు కొట్టారు. తలకి ఇనుప ఫ్రేము బిగించాలి. నాలుగు మరలు చర్మంలోంచి పుర్రెకి ఆనతాయి. మామూలుగా మత్తు సూది తలమీదే వేసి, మనిషి మెలకువగా ఉండగా బిగిస్తారట. నా మెడకి అది కుదరదు. ఫ్రేముతో సహా విసిరితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకని ముందే నిద్రమత్తు ఇచ్చారు. ఫ్రేముతో సీటీ తీసి, దాన్ని ముందు రోజు ఎంఆర్ఐ మీద కంప్యూటర్లో కలిపి, థాలమస్‌లో ఏ చోటికి ఏ కోణంలో పోవాలో లెక్క కట్టారు. సన్నటి తీగ అది, చివర కరెంటు వదిలే నాలుగు లోహపు కట్లు, ఒక్కొక్కటీ మిల్లీమీటరున్నర. ఎడమకొకటి, కుడికొకటి.

మధ్యలో మత్తు తగ్గించి లేపారు. మెదడుకి నొప్పి తెలియదంటారు, నిజమే, నాకు నొప్పి లేదు. కింద ఫ్రేము టేబులుకి బిగించి ఉంది, తల కదలదు. స్పీకర్లోంచి బరబరమని శబ్దం వస్తోంది. నా మెదడు కణాల చప్పుడే అని చెప్పారు. తెలుగు వచ్చిన ఒక జూనియర్ డాక్టరమ్మని నా పక్కన నిలబెట్టారు. "ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి అన్నా" అంది. పెట్టాను. కరెంటు పెంచారు. కుడి చేతి వేళ్ళ చివర్లు చిమచిమలాడాయి. ఇంకా పెంచితే పదమూడు దగ్గర నాలుక బరువెక్కి "పద్మూ..." అని సాగింది. "తగ్గించండి సార్" అని ఆమె వెంటనే అరిచింది. తగ్గించగానే మాట సర్దుకుంది. అంతసేపూ మెడ విసరాలన్న సలపరం రాలేదు. భయంవల్ల రాలేదా, తీగవల్లా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత పూర్తి మత్తిచ్చి, చెవి వెనకాల చర్మం కిందగా తీగలు లాగి, కుడి గూడెముక కింద బ్యాటరీ పెట్టారు.

మూడో రోజు పొద్దున అమ్మ నన్ను చూసి ఏడ్చింది. కాఫీ తాగేంతసేపు మెడ ఒక్కసారి కూడా కదల్లేదు. బ్యాటరీ ఇంకా ఆన్ చేయనేలేదు! అమ్మ ఫోన్లు చేసి ఊరంతా చెప్పింది. న్యూరాలజిస్టు డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు. తీగ దిగినప్పుడు ఆ చుట్టూ కొంచెం వాపు వస్తుందట, ఆ వాపే కొన్నాళ్ళు పనిచేస్తుందట. "ఇది పోతుంది, అప్పుడు గాబరా పడొద్దు" అంది. ఈ మాట ముందే చెప్పి ఉండకపోతే నేనేమైపోయేవాడినో. ఇంటికొచ్చాక, కుట్లు విప్పేసరికి, మెడ మళ్ళీ మొదలైంది. గొంతు కూడా. మా వీధిలో నా గుండు చూసి "ఏంది అబ్బయా, తిరపతికి పొయ్యొచ్చినావా?" అని అడిగినవాళ్ళకి అవునన్నాను. అదే సులువు.

తీగలు పెట్టడం ఒక్కరోజు పని. అసలు వైద్యం ఆ తర్వాత నెలల తరబడి జరిగింది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గాయాలు మానాక పోతే, ఫోనంత పరికరం బ్యాటరీ మీద చర్మానికి ఆనించి, తెర మీద అంకెలు మార్చడం మొదలెట్టారు. ఏ కట్టు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు, సెకనుకి ఎన్ని అలలు, ఒక్కో అల ఎంతసేపు. సెకనుకి 130 దగ్గర మొదలెట్టారు. పార్కిన్‌సన్ వణుకైతే అంకె మార్చగానే అక్కడే తెలిసిపోతుందట. టిక్స్ అలా కాదు. ఇవాళ మార్చింది పనిచేసిందో లేదో తెలియడానికి వారాలు పడుతుంది. పైగా టిక్స్ వాటంతటవే ఎక్కువ తక్కువలవుతుంటాయి. తగ్గితే కరెంటువల్లా, వాటి తిరుగుడువల్లా? పండగొస్తే పెరుగుతాయి, జ్వరమొస్తే పెరుగుతాయి. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టాను. తేదీ, సెట్టింగు, నిద్ర, మెడ, గొంతు, కళ్ళు. ల్యాబ్‌లో చెరువుల రీడింగులు రాసి రాసి ఆ అలవాటు ఉంది. డాక్టరమ్మకి ఆ పుస్తకం తెగ నచ్చింది.

ఒక సెట్టింగులో మెడ బాగా తగ్గింది, మాట ముద్దయింది. "ఏందిరా, పొద్దున్నే మందేసినావా?" అని ఒక రొయ్యల రైతు నవ్వాడు. ఇంకో సెట్టింగులో రాత్రి నిద్ర లేదు, మనసు కుదురులేని హుషారు. రెండు రోజులకే ఫోన్ చేసి తగ్గించుకున్నాను. మూడో కట్టు వదిలి రెండో కట్టుకి మారాక, అది కూడా చాలా నెలలకి, మెడ నిజంగా వదిలింది. పోయిందని కాదు. గంటలో ఎన్నోసార్లు పడే విసురు, పూటకి కొన్నిసార్లు పడే చిన్న కుదుపైంది.

ఏడాదికి మళ్ళీ యేల్ స్కేలు వేస్తే 40ల్లోకి దిగింది. కళ్ళు అలాగే ఉన్నాయి. గొంతు కొంచెం తగ్గింది. ఇంటికొచ్చిన చుట్టాలకి కనబడేది కళ్ళూ, వినబడేది గొంతే కాబట్టి "అంత డబ్బు పోసినా ఏం తగ్గలేదే పాపం" అని అమ్మతో అంటారు. వాళ్ళకి నా మెడ స్కానింగు కనబడదు కదా. అక్కడ వెన్నుపాము మీద ఒత్తిడి పెరగలేదు. గుండీలు చూడకుండానే పెట్టుకుంటున్నాను.

ఒకసారి చెకప్‌లో డాక్టరమ్మ పరికరం ఆపి చూస్తానంది. నిజంగా కరెంటే పనిచేస్తోందా, నా నమ్మకమా అని ఆమెకీ అనుమానం, నాకూ ఉంది. ఎప్పుడు ఆపిందో నాకు చెప్పలేదు. క్యాంటీన్లో ఇడ్లీ తింటుంటే మెడ వెనకాల సలపరం తెలిసింది. ప్లేటు పక్కకి జరిపేలోపు మెడ విసురుకుని ఎదురుగా ఉన్న సాంబారు గిన్నె ఒలికింది. ఆమె చేతి గడియారం చూసుకుని ఏదో రాసుకుంది. నాకు మాత్రం ఆ సాంబారు మరక చూస్తే ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

దీంతో బతకడానికి కొన్ని నియమాలున్నాయి. వారానికోసారి భుజానికి చార్జరు పట్టీ కట్టుకుని గంటకి పైగా కూర్చోవాలి. మా ఊళ్ళో వానొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి చార్జరుకి ముందే చార్జింగు పెట్టి ఉంచుతాను. వెల్డింగ్ జరిగేచోట నిలబడను. కొండమీద క్యూలో మెటల్ డిటెక్టర్ దగ్గర పరికరం కార్డు చూపిస్తే చేత్తో తడిమి పంపించారు. అన్నిటికంటే ముఖ్యమైనది, భుజం నొప్పనో నడుం నొప్పనో ఫిజియోథెరపీకి పోతే షార్ట్‌వేవ్ డయాథర్మీ, అంటే నొప్పి ఉన్నచోట ఒంటి లోపల వేడి పుట్టించే మిషన్, పెట్టించుకోకూడదు. అది తీగల ద్వారా మెదడుని కాల్చగలదు. మన ఊళ్ళలో ప్రతి సందులో ఆ మిషన్లున్నాయి, పెట్టేవాళ్ళలో చాలామంది ఏం అడగరు. మనమే ముందు చెప్పాలి. ఎంఆర్ఐ కూడా ఏ మిషన్లో పడితే ఆ మిషన్లో కుదరదు, పరికరాన్ని తగిన సెట్టింగులో పెట్టాకే తీయాలి.

విషయం తెలిశాక పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న కోవూరు నుంచి ఒకాయన, నాన్నకి వరసకి తమ్ముడు, తొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకొచ్చాడు. పిల్లాడు కళ్ళార్పుతున్నాడు, ముక్కు ఎగబీలుస్తున్నాడు. నేను కూడా ఆర్పుతుంటే చూసి నవ్వాడు. ఆయన పొలం కాగితాలు కూడా తెచ్చాడు, బ్యాంకులో పెట్టడానికని.

"ఎంత అవద్దిరా? ఏ ఆసుపత్రి?" అన్నాడు.

"బాబాయ్, వీడి వయసులో ఇది ఎవరూ చేయరు. పెద్దయ్యేసరికి చాలామందికి దానంతటదే తగ్గద్ది. ముందు బళ్ళో టీచర్లకి చెప్పు, తిట్టొద్దని. అలవాటు మార్చే శిక్షణ ఉంది, అది చెప్పించు. అది కూడా చాలకపోతే మందులున్నాయి."

"మరి నీకెందుకు చేశారు?"

మెడ స్కానింగు తీసి చూపించాను. ఆయనకి అందులో ఏమీ అర్థం కాలేదు. పిల్లాడు మాత్రం నా చొక్కా కింద బ్యాటరీ ఉబ్బుని వేలితో తాకి, "ఇది ఆపితే ఏమవద్దన్నా?" అని అడిగాడు. సాంబారు కథ చెప్పాను. పొలం కాగితాలు తిరిగి సంచిలో పెట్టుకుంటూ, బళ్ళో ఎవరితో మాట్లాడాలో చీటీ మీద రాసివ్వమన్నాడు బాబాయ్.